పాకాకే ఎందుకు బయటపడుతోంది? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్టేజీ వెనక కథ

క్లుప్తంగా: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రావడానికి కారణాలు వేరు, గుర్తించేనాటికే అది పాకి ఉండటానికి కారణాలు వేరు. మొదటిది ప్రధానంగా హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) పని. రెండోదానిలో కణితి స్వభావం పాత్ర కొంత, పరీక్ష లేకుండా గడిచిపోయిన ఏళ్ల పాత్ర ఎక్కువ. తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో చిక్కు తోడైంది. గర్భసంచి తీసే ఆపరేషన్లు దేశ సగటుకు రెట్టింపు కన్నా ఎక్కువ, ముఖద్వారాన్ని పరీక్షించడం మాత్రం అరుదు.

జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో దిగి, స్కానింగ్ ఫిల్ములూ మందుల చీటీలూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి దారి పట్టే కుటుంబాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "రెండు నెలల కింద దాకా మంచిగనే ఉండె. అప్పుడే మూడో స్టేజీ ఎట్లయితది?" రిపోర్టు మీద 3బీ అని ఉంటుంది. జబ్బు ఉన్నట్టుండి వచ్చి, ఉన్నట్టుండి ముదిరిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అది సహజమే. కానీ చాలా నెమ్మదిగా తయారయ్యే క్యాన్సర్లలో ఇదొకటి. వైరస్ సోకిన నాటి నుంచి క్యాన్సర్‌గా మారడానికి మామూలు రోగనిరోధక శక్తి ఉన్నవారిలో 15 నుంచి 20 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1.27 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ తేలింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. ముందుగా దొరికితే నయమయ్యే జబ్బుకు ఇది పెద్ద నిష్పత్తి. జబ్బు ఏ దశలో దొరుకుతోందో చూడకుండా ఈ అంకెలు అర్థం కావు.

## కలిసిపోతున్న రెండు ప్రశ్నలు

"ముప్పు కారణాలు" అనగానే పత్రికల్లోనూ యూట్యూబ్‌లోనూ ఒకే జాబితా వస్తుంది: చిన్న వయసులో పెళ్లి, ఎక్కువ కాన్పులు, పొగాకు, హెచ్‌ఐవీ, శుభ్రత. శుభ్రత సంగతి పక్కన పెడితే మిగతావి తప్పు కాదు. అయితే అవన్నీ క్యాన్సర్ ఎవరికి వస్తుందన్న ప్రశ్నకు జవాబులు. దాదాపు ప్రతి కేసు వెనకా ఏళ్ల తరబడి వదలకుండా ఉన్న హెచ్‌పీవీ ఉంటుంది. అందులోనూ 16, 18 రకాలదే సింహభాగం, ప్రపంచవ్యాప్తంగా సుమారు 70 శాతం. ఈ సంబంధాన్ని బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ సోకినవారిలో నూటికి 90 మందికి ఒకటి రెండేళ్లలో అదే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొద్దిమందిలోనే కణాల్లో మార్పులు మొదలవుతాయి.

క్యాన్సర్ వచ్చినవారిలో ఎవరికి అది ముఖద్వారంలోనే ఉండగా దొరికింది, ఎవరికి పాకాక దొరికింది అన్నది ఇంకో ప్రశ్న. కాన్పుల సంఖ్యో పెళ్లి వయసో దీనికి పెద్దగా జవాబు చెప్పవు. ఆమె చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించుకుంది, రక్తం కనిపించిన రోజు నుంచి బయాప్సీకి (ముక్క తీసి ల్యాబ్‌లో చూసే పరీక్షకు) ఎన్ని నెలలు పట్టింది, కణితి ఏ రకం, ఆమె వయసెంత అన్నవి చెబుతాయి.

ముందస్తు మార్పుల దశ, అంటే క్యాన్సర్‌గా మారకముందు కణాల్లో మార్పులు కనిపించే దశ, ఎంత పొడుగ్గా ఉంటుందో న్యూజిలాండ్ అనుభవం చూపించింది. ఆక్లండ్‌లోని ఒక ఆసుపత్రిలో 1960ల నుంచి కొందరు స్త్రీలకు తీవ్రమైన ముందస్తు మార్పులు ఉన్నా సరైన చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ వదిలేశారు. నైతికంగా దారుణమైన ఆ వ్యవహారం తర్వాత విచారణకు వచ్చింది. అలా వదిలేసినవారిలో 30 ఏళ్ల కాలంలో సుమారు 30 శాతం మందికి క్యాన్సర్ వచ్చిందని తేలింది. అంటే పట్టుకోవడానికి వ్యవధి నెలల్లో కాదు, ఏళ్లలోనే ఉంటుంది.

## స్టేజీ దేన్ని కొలుస్తుంది

ముఖద్వారం అంటే గర్భసంచి కింది భాగం, యోనిలోకి పొడుచుకొచ్చే రెండున్నర మూడు సెంటీమీటర్ల మెడ. దాని బయటి పొరలో నొప్పిని పట్టే నరాలు చాలా తక్కువ. అందుకే అక్కడ పుండు పడినా, చిన్న గడ్డ పెరిగినా నొప్పి తెలియదు. కడుపు నొప్పి లేదు కాబట్టి ఏమీ లేదనుకోవడం ఈ జబ్బు విషయంలో మొదటి పొరపాటు.

కణితి అక్కడే ఉంటే 1వ దశ. చుట్టూ ఉన్న మెత్తటి కణజాలంలోకి, లేదా యోని పైభాగంలోకి దిగితే 2వ దశ. కటి ఎముకల గోడ దాకానో యోని అడుగు భాగానికో చేరితే, మూత్రనాళాన్ని నొక్కి కిడ్నీ ఉబ్బేలా చేస్తే 3వ దశ. మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం లోపలి పొరకు పాకితే 4ఏ, ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకల వంటి దూర అవయవాలకు వెళితే 4బీ.

పాకే దారులు మూడు. పక్కకు ఒరుసుకుంటూ పెరగడం ఒకటి. లింఫ్ నాళాల వెంట కటిలోని లింఫ్ గ్రంథులకు, అక్కడి నుంచి వెన్ను ముందున్న పెద్ద ధమని పక్క గ్రంథులకు, ఇంకా పైకి వెళ్లి ఎడమ కాలర్‌బోన్ మీది గ్రంథికి చేరడం రెండోది. రక్తం ద్వారా దూర అవయవాలకు వెళ్లడం మూడోది, అదీ ఎక్కువగా ఊపిరితిత్తులకు. ఇవి ఒకదాని తర్వాత ఒకటి వరసగా జరగాలని లేదు గానీ, కణితి పెద్దదయ్యేకొద్దీ అన్నిటికీ అవకాశం పెరుగుతుంది. సూక్ష్మదర్శినిలో తప్ప కనిపించని 1ఏ1 దశలో కటి గ్రంథులకు పాకి ఉండే అవకాశం నూటికి ఒకటి లోపే. కంటికి కనిపించే 1బీలో సుమారు 15, చుట్టుపక్కల కణజాలంలోకి దిగిన 2బీలో దాదాపు 30. మూడో దశకు వచ్చేసరికి ఇంచుమించు సగం.

అమెరికా గణాంకాల్లో జబ్బు ముఖద్వారానికే పరిమితమై దొరికినవారిలో అయిదేళ్లు బతికేవారు 90 శాతం పైనే. చుట్టుపక్కలకు పాకాక దొరికితే 60 శాతం దరిదాపు. దూరానికి వెళ్లాక దొరికితే 20 లోపు. భారత ఆసుపత్రుల్లో 2, 3 దశల్లో వచ్చేవారే ఎక్కువ.

ఇక్కడో మెలిక. 2018 దాకా అంతర్జాతీయ స్టేజీ విధానం ఎక్కువగా డాక్టర్ చేతి పరీక్ష మీదే నడిచింది. పేద దేశాల్లో కూడా ఒకే కొలత ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ ఏడాది మార్పుతో స్కానింగ్, బయాప్సీ ఫలితాలనూ లెక్కలోకి తీసుకున్నారు. లింఫ్ గ్రంథుల్లో జబ్బు కనిపిస్తే కణితి ఎంత చిన్నదైనా 3సీ అన్నారు. అందువల్ల పెట్ సీటీ (ఒళ్లంతా క్యాన్సర్ కోసం వెతికే స్కాన్) చేయించుకున్న మనిషికి 3సీ వచ్చి, చేయించుకోని మనిషికి అదే జబ్బుతో 1బీ అని రావచ్చు. బంజారాహిల్స్ కార్పొరేట్ ఆసుపత్రి రిపోర్టునూ జిల్లా ఆసుపత్రి రిపోర్టునూ పక్కపక్కన పెట్టి "మా ఆమెది ఎక్కువ ముదిరింది" అనుకోవడంలో ఈ తికమక ఉంది. 2018కి ముందూ తర్వాతా లెక్కలను పోల్చి మూడో దశ కేసులు పెరిగిపోయాయని రాసేవాళ్లకూ ఇదే హెచ్చరిక.

## కణితి స్వభావం

అన్ని కణితులూ ఒకే వేగంతో నడవవు. ఎక్కువ భాగం పొలుసు కణాల రకం, అంటే స్క్వామస్. ముఖద్వారం బయటి అంచున పుట్టడం వల్ల కంటికీ, పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు గీకి తీసి చూసే పరీక్ష) బ్రష్‌కూ అందుతుంది. గ్రంథి కణాల రకమైన అడినోకార్సినోమా మెడ లోపలి దారిలో పుడుతుంది. అక్కడ చూపు ఆనదు. పాప్ స్మియర్ దీన్ని ఎక్కువసార్లు తప్పిపోనిస్తుంది. పరీక్షలు బాగా నడిచిన పశ్చిమ దేశాల్లో స్క్వామస్ రకం తగ్గి, అడినో రకం వాటా పెరగడానికి ఇదీ ఒక కారణం. అందులో హెచ్‌పీవీతో సంబంధం లేని కొన్ని ఉపరకాలున్నాయి. వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్ష కూడా వాటిని పట్టదు. అవి తరచూ ముదిరాకే దొరుకుతాయి.

చిన్న కణాల న్యూరోఎండోక్రైన్ రకం ఇంకా ప్రమాదకరం. నూటికి ఒకటి రెండు కేసులే అయినా రక్తంలో తొందరగా ప్రయాణిస్తుంది. క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకునే మనిషికీ ఇది దూరంగా పాకి దొరకవచ్చు. "ఏటా చూపించుకున్నా ఇలా అయింది" అనే అరుదైన కథల వెనక ఇలాంటి రకాలు ఉండవచ్చు. వాటిని చూపి పరీక్షలు దండగ అనడం సరికాదు.

బయాప్సీ రిపోర్టులో వెతకాల్సినవి ఇంకా కొన్ని ఉన్నాయి: కణితి కొలత, ఎంత లోతుకు దిగింది, లింఫ్ నాళాల్లోనూ రక్తనాళాల్లోనూ క్యాన్సర్ కణాలు కనిపించాయా. చివరిది ఉందంటే దారి తెరుచుకున్నట్టే. హెచ్‌ఐవీ ఉన్నవారిలో రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల ఈ ప్రయాణమంతా కుదించుకుపోతుంది, చికిత్స లేకపోతే 5 నుంచి 10 ఏళ్లకు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హెచ్‌ఐవీ దేశ సగటు కన్నా ఎక్కువ కాబట్టి ఇది పక్కన పెట్టే విషయం కాదు. హెచ్‌ఐవీ ఉన్నవారికి పరీక్షలు 25 ఏళ్లకే మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

## వయసు చేసే మోసం

వయసు పెరిగేకొద్దీ పాకాక దొరికే అవకాశం పెరుగుతుందని చాలా దేశాల లెక్కలు చూపుతున్నాయి. ముసలితనంలో క్యాన్సర్ వేగంగా పెరుగుతుందని దీని అర్థం కాదు. క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యే చోటు ఒక సన్నటి గీత, బయటి పొరా లోపలి పొరా కలిసే సరిహద్దు. వయసులో ఉన్నప్పుడు అది బయటికి కనిపిస్తుంది. ముట్లుడిగాక మెల్లగా మెడ లోపలికి జారిపోతుంది.

ప్రభుత్వ పరీక్షల్లో ఎక్కువగా వాడేది వీఐఏ. నర్సు స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే పరికరం) పెట్టి, పల్చని ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని ముఖద్వారానికి అద్దుతుంది. వంటింటి వెనిగర్ వాసన వస్తుంది. ఒక నిమిషం ఆగాలి. మార్పులున్న చోట గులాబి రంగు పొర మీద పాలమీగడ లాంటి తెల్లటి మచ్చ, అంచులు స్పష్టంగా తేలుతుంది. ల్యాబ్ అక్కర్లేదు, ఫలితం అక్కడికక్కడే. కానీ సరిహద్దు గీత లోపలికి జారిపోయిన అరవై ఏళ్ల మనిషిలో దూది అద్దినా చూడాల్సిన చోటు కనిపించదు. దేశంలో 2016 నాటి మార్గదర్శకాలు 30 నుంచి 65 ఏళ్ల వారికి అయిదేళ్లకోసారి వీఐఏ చేయాలన్నాయి. అందులో యాభై దాటినవారికి ఈ పద్ధతి బలహీనం. "నార్మల్" అన్న మాట మీద ఆ వయసులో ఎంత భరోసా పెట్టుకోవచ్చో అందుకే ఆలోచించాలి.

శరీరం సంగతి అదైతే ఇంటి సంగతి ఇంకోటి. చివరి కాన్పు తర్వాత ఆడవాళ్లు లేడీ డాక్టర్ ముఖం చూసే సందర్భమే ఉండదు. ముట్లుడిగిన నాలుగేళ్లకు మళ్లీ రక్తం కనిపిస్తే "వేడి చేసింది" అని మజ్జిగ తాగేవాళ్లూ, కొడుక్కీ కోడలికీ ఎలా చెప్పాలో తెలియక బట్టలు చాటుగా ఉతుక్కునేవాళ్లూ ఉన్నారు. అందులోనూ భర్త లేనివారికి ఆ మాట ఎత్తడమే కష్టం.

## తెల్లబట్ట నుంచి బయాప్సీ దాకా

మొదటి గుర్తులు మామూలు జబ్బుల్లాగే ఉంటాయి. బట్ట పోవడం, కలిసిన తర్వాత రక్తపు మరక, నడుం నొప్పి. తెల్లబట్ట తెలుగు ఇళ్లలో ఎంత సాధారణమైన మాట అంటే, దుర్వాసన వచ్చినా, నీళ్లలా ఆగకుండా పోతున్నా, రక్తం కలిసినా అదే పేరుతో సరిపెట్టుకుంటారు. ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఒక కోర్సు యాంటీబయాటిక్, మందుల షాపులో ఇంకో కోర్సు, పట్నంలో ఒక అల్ట్రాసౌండ్. పొట్ట మీద నుంచి చేసే అల్ట్రాసౌండ్‌లో చిన్న ముఖద్వార కణితి చాలాసార్లు కనిపించదు. రిపోర్టు బాగుందనగానే మరో మూడు నెలలు పోతాయి. స్పెక్యులమ్ పెట్టి కంటితో చూసే పరీక్ష ఈ మొత్తం తిరుగుడులో ఎక్కడా జరగకపోవచ్చు.

ఒక కాలే వాయడం, పిరుదు నుంచి తొడ వెనక్కి లాగే నొప్పి, స్కానింగ్‌లో కిడ్నీ ఉబ్బు. ఈ మూడూ కలిసి కనిపిస్తే జబ్బు కటి గోడ దాకా వెళ్లిందని డాక్టర్లు అనుమానిస్తారు. అప్పటిదాకా ఆమెను నడుం నొప్పికి ఎముకల డాక్టర్ చూస్తూ ఉండవచ్చు. మూత్రనాళం నెమ్మదిగా నొక్కుకుపోతే కిడ్నీ నొప్పి లేకుండానే దెబ్బతింటుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగితే కీమోలో వాడే సిస్‌ప్లాటిన్ ఇవ్వడమూ కష్టమే. రక్తం పోయి పోయి హిమోగ్లోబిన్ పడిపోతే కణితికి ఆక్సిజన్ తగ్గి రేడియేషన్ పట్టు సడలుతుంది. అంటే ఆలస్యం దశను పెంచడమే కాదు, చికిత్స పదును కూడా తగ్గిస్తుంది.

## గర్భసంచి తీసేశారుగా!

తెలుగు రాష్ట్రాల ప్రత్యేకత ఇక్కడే ఉంది, దురదృష్టవశాత్తు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. "బట్ట పోతోంది, ఇట్లనే వదిలేస్తే క్యాన్సర్ అయితది, పిల్లలు పుట్టారుగా, తీసేయిద్దాం" అన్న సలహా చాలా ఊళ్లలో సుపరిచితం. అనవసర గర్భసంచి ఆపరేషన్లపై మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

మరోవైపు 2019-21 సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల భారతీయ స్త్రీలలో ఒక్కసారైనా ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం. పదిహేనేళ్లకు పైగా పరీక్షల కార్యక్రమం నడుపుతున్న తమిళనాడులోనూ పది శాతానికి చేరలేదు. క్యాన్సర్ భయంతో అవయవాన్నే తీసేసే అలవాటు వచ్చింది గానీ, క్యాన్సర్ ఉందో లేదో చూసే అలవాటు రాలేదు.

దీని వైద్యపరమైన ఫలితం చిన్నది కాదు. పాప్ స్మియర్ కూడా లేకుండా చేసిన ఆపరేషన్‌లో తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపితే, కొన్నిసార్లు క్యాన్సర్ అని వస్తుంది. మామూలు ఆపరేషన్‌లో గర్భసంచి, మెడ తీస్తారు గానీ చుట్టూ ఉన్న కణజాలం, యోని పైభాగం, గ్రంథులు అలాగే ఉంటాయి. కణితి మధ్యలోంచి కత్తి వెళ్లి ఉంటే మిగిలిపోయిన భాగం అక్కడే పెరుగుతుంది. పైగా ఈ క్యాన్సర్‌కు రేడియేషన్‌లో కీలకమైనది బ్రాకీథెరపీ, అంటే లోపల నుంచి ఇచ్చేది. గర్భసంచి లోపలికి సన్నటి లోహపు గొట్టం పంపి, దాని గుండా కిరణాలు కణితికి అతి దగ్గరగా తగిలేలా చేస్తారు. గర్భసంచే లేకపోతే ఆ గొట్టానికి ఆధారమే ఉండదు. అదే కణితి ముందే తెలిసి ఉంటే పద్ధతి ప్రకారం పెద్ద ఆపరేషనో, నేరుగా కీమో రేడియేషనో జరిగేది. చాలా చిన్న, తక్కువ ముప్పున్న కణితులకు మామూలు ఆపరేషన్ సరిపోతుందని ఇటీవలి పరిశోధన చెబుతున్నా, అది ముందే పరీక్షలతో తేల్చుకున్నవారికి వర్తించే మాట.

మెడను వదిలేసి గర్భసంచి పైభాగం మాత్రమే తీసినవారికి ఈ క్యాన్సర్ ముప్పు అలాగే ఉంటుంది. తమకు ఏ ఆపరేషన్ జరిగిందో డిశ్చార్జ్ కాగితం చూస్తే తప్ప చెప్పలేనివారు ఎందరో. ఆ కాగితం దొరకడం ఇంకో కథ.

## ఉస్మానాబాద్ చూపిన తేడా

పరీక్ష నిజంగా దశను మారుస్తుందా? దీనికి ప్రపంచం చూసే జవాబు హైదరాబాద్‌కు పాత చుట్టం నుంచే వచ్చింది. ఏడో నిజాం పేరు పెట్టుకున్న ఉస్మానాబాద్, ఒకప్పటి హైదరాబాద్ సంస్థానం జిల్లా, ఇప్పుడు మహారాష్ట్రలో ధారాశివ్. అక్కడ 30 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 1.3 లక్షల మంది పల్లె స్త్రీలను నాలుగు బృందాలుగా చేసి, ఒక్కో బృందానికి ఒక్కసారే హెచ్‌పీవీ పరీక్ష, పాప్ స్మియర్, వీఐఏలలో ఒకటి చేశారు. నాలుగో బృందానికి మామూలు వైద్యమే. 2009లో ఫలితాలు వచ్చాయి. హెచ్‌పీవీ పరీక్ష జరిగిన బృందంలో రెండో దశ, ఆపైన దొరికిన క్యాన్సర్లు సగానికి పైగా తగ్గాయి, మరణాలు దాదాపు సగం తగ్గాయి. జీవితంలో ఒక్క పరీక్షతో. మిగతా రెండు పద్ధతుల్లో అంత తేడా కనిపించలేదు. అయితే ముంబై బస్తీల్లో రెండేళ్లకోసారి వీఐఏ చేసిన మరో ప్రయోగంలో మరణాలు 31 శాతం తగ్గాయి. బలహీనమైన పరీక్షయినా మళ్లీ మళ్లీ చేస్తే పనిచేస్తుందని దాన్నిబట్టి అనుకోవచ్చు.

హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను స్త్రీలే స్వయంగా తీసుకోవచ్చు. హైదరాబాద్ పక్కన మేడ్చల్ పల్లెల్లో ఈ పద్ధతిని పదిహేనేళ్ల కిందటే పరిశీలించారు. మంచమెక్కి స్పెక్యులమ్ పెట్టించుకోవడానికి సిగ్గుపడే మనిషికి ఇది పెద్ద వెసులుబాటు. అడ్డంకి ఖర్చు, ల్యాబ్ ఏర్పాటు.

## నగరంలో ఉన్నవి, లేనివి

చికిత్స వైపు హైదరాబాద్‌కు కొరత తక్కువ. 1955లో పుట్టిన ఎంఎన్‌జే (రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి), నిమ్స్, బసవతారకం, కార్పొరేట్ ఆసుపత్రులు ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. పరీక్ష వైపు బస్తీ దవాఖానాలున్నాయి. 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కేంద్రాల్లో మంగళవారాలు ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షలూ పెట్టారు. కానీ పరీక్షలో మచ్చ తేలిన మనిషి కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే పరీక్షకు) చేరేదాకా వెంట ఉండే ఏర్పాటు లేకపోతే ఆ పరీక్ష వృథా. దినకూలీ మానుకుని వచ్చే మనిషికి "వచ్చే వారం పెద్దాసుపత్రికి వెళ్లండి" అన్న చీటీ చాలాసార్లు బీరువా అడుక్కే చేరుతుంది.

ఇక టీకా. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన హెచ్‌పీవీ టీకా సెర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. టీకా క్యాన్సర్ రాకుండా ఆపుతుంది గానీ, ఇప్పటికే ఉన్న వైరస్‌నూ కణాల మార్పులనూ నయం చేయదు. ఇవాళ టీకా వేసుకున్న పద్నాలుగేళ్ల పిల్ల, ఈ క్యాన్సర్ ఎక్కువగా తేలే యాభై ఏళ్ల వయసుకు చేరేసరికి 2060 దాటుతుంది. రాబోయే ఇరవై ఏళ్లలో రెడ్ హిల్స్‌కు ప్లాస్టిక్ కవర్ పట్టుకుని వచ్చేవాళ్లలో దాదాపు అందరూ టీకా వయసు ఎప్పుడో దాటిపోయినవాళ్లే, ఇప్పుడు ముప్పై, నలభై, యాభైల్లో ఉన్నవాళ్లు.